క్రాకోవ్‌లో మంచి పిజ్జా: ముందు రకం తేల్చుకోండి, తర్వాత దుకాణం

పోలండ్‌లోని క్రాకోవ్ నగరంలో పిజ్జా దొరకని పేట లేదు. పాత పట్టణం నడిబొడ్డున రినెక్ గ్వువ్నీ చౌరస్తా రెస్టారెంట్లలోనూ, ఊరికి తూర్పున నోవా హూతా అపార్ట్‌మెంట్ల కింది అంతస్తుల్లో నడిచే చిన్న దుకాణాల్లోనూ అది ఉంటుంది. చదువుకోసమో ఉద్యోగం మీదో ఈ నగరానికి వచ్చిన తెలుగువారు, వంటింటి సామాను ఇంకా సమకూరని తొలి వారాల్లో తరచూ పిజ్జా వైపే మొగ్గుతారు. పేర్లు ముందే తెలిసినవి, శాకాహారికి రెండు మూడు రకాలైనా ఉంటాయి, నలుగురు కలిసి పంచుకోవచ్చు. కాబట్టి అలా మొగ్గడంలో తప్పేమీ లేదు.

చిక్కంతా ఎంపికలోనే వస్తుంది. ఫోనులో మ్యాపు తెరిచి, నక్షత్రాలు ఎక్కువగా ఉన్న చోటికి నడవడం అందరూ చేసే పని. అయితే ఆ నక్షత్రాలు వేసినవారంతా ఒకే వస్తువును కోరి వెళ్లినవారు కారు. నేపుల్స్ పద్ధతిలో చేసే దుకాణానికి వెళ్లి, మధ్యలో తడిగా ఉందని, సరిగా కాలలేదని మార్కులు తగ్గించేవారు ఉంటారు; ఆ తడి ఆ పద్ధతి లక్షణమే తప్ప లోపం కాదు. అలాగే దట్టంగా చీజ్ పరిచి వెల్లుల్లి సాస్‌తో ఇచ్చే పేట దుకాణానికి వెళ్లి, ఇది ఇటలీ పిజ్జాలా లేదని విసుక్కునేవారూ ఉంటారు. రెండు వేర్వేరు పదార్థాలకు ఒకే కొలబద్ద పెట్టినప్పుడు వచ్చే సగటు అంకె మీకు ఏమీ చెప్పదు. అందుకని మీకు కావలసిన రకం ఏదో ముందు తేల్చుకుని, ఆ రకంలో మంచి చోటును తర్వాత వెతకమని నా సలహా.

## ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

ఎక్కడ తింటారు? నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, తక్కువ మంది వేసుకునే ప్రశ్న కూడా ఇదే. పొయ్యి నుంచి తీసిన పిజ్జా నుంచి ఆవిరి వస్తూనే ఉంటుంది. దాన్ని అట్టపెట్టెలో మూస్తే ఆ ఆవిరి బయటికి పోలేక మళ్లీ పిండిలోకే దిగి, కింది భాగం మెత్తబడి సాగుతుంది. పలుచగా, తేమ ఎక్కువగా ఉండేలా చేసిన పిజ్జా ఈ ప్రయాణానికి అసలు తట్టుకోదు. కాస్త మందంగా, ఎక్కువసేపు కాలి పొడిగా ఉన్నది అరగంట తర్వాత కూడా తినేలా ఉంటుంది. బల్ల దగ్గర అద్భుతంగా అనిపించిన దుకాణం పార్సిల్‌లో నిరాశ పరిచిందంటే కారణం సాధారణంగా వంటవాడు కాదు, ఆ పెట్టె.

మీరు ఏమి తినరు? భారతదేశంలో ప్యాకెట్ల మీద కనిపించే ఆకుపచ్చ చుక్క పోలండ్‌లో ఉండదు. యూరోపియన్ యూనియన్ 1169/2011 నిబంధన ప్రకారం పాలు, గుడ్డు, గోధుమలోని గ్లూటెన్, చేప, వేరుశనగ వంటి 14 రకాల అలర్జీ పదార్థాల వివరం రెస్టారెంటు కూడా చెప్పి తీరాలి. ఈ పట్టిక అలర్జీ ఉన్నవారికి ఎంతో మేలు చేస్తుంది గానీ శాకాహారికి సరిపోదు, ఎందుకంటే పంది మాంసం, గొడ్డు మాంసం ఆ 14లో లేవు. అందుచేత మెనూలోని పదార్థాల పేర్లే చదువుకోవాలి, దానికి కొద్ది మాటలు చాలు. షింకా అంటే హామ్, బోచెక్ అంటే బేకన్, కియెవ్‌బాసా అంటే సాసేజీ, వియెప్షోవినా అంటే పంది మాంసం, వోవోవినా అంటే గొడ్డు మాంసం, కుర్చాక్ అంటే కోడి, తుంచిక్ అంటే ట్యూనా చేప. తినదగినవాటిలో పియెచార్కీ పుట్టగొడుగులు, త్సెబులా ఉల్లి, కుకురిజా మొక్కజొన్న, సెర్ చీజ్. మాంసం వద్దనడానికి ‘బెజ్ మియెన్సా’ అంటే అర్థమవుతుంది. పెప్పరోని అన్న పేరు దగ్గర మాత్రం తప్పక అడగండి: కొన్ని చోట్ల అది సాసేజీ, కొన్ని చోట్ల ఊరబెట్టిన మిరపకాయ.

చీజ్ చేయడానికి పాలను గడ్డకట్టించే రెన్నెట్ పశువుల నుంచి తీసినదైతే వద్దనుకునే శాకాహారులు ఇంకో మెట్టు జాగ్రత్త పడాలి. పర్మిజానో రెజ్జానో, గ్రానా పదానో చీజ్‌లలో దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. కంపానియా ప్రాంతపు గేదెపాల మొజరెల్లాదీ అదే దారి. చాలా పిజ్జాల మీద చివర్లో తురిమి చల్లేది పర్మిజానో లేదా గ్రానా పదానోయే కాబట్టి, అది వేయవద్దని ఆర్డరు చెప్పేటప్పుడే అనాలి. అసలు చీజే లేని మరినారా మీకు నిశ్చింత: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, అంతే.

ఎంతమంది? పోలిష్ మెనూలలో పిజ్జా పరిమాణాన్ని సెంటీమీటర్లలో రాస్తారు. ఇది మంచి అలవాటు, కానీ అంకె మోసం చేస్తుంది. 30 సెంటీమీటర్ల పిజ్జా వైశాల్యం సుమారు 707 చదరపు సెంటీమీటర్లు. 40 సెంటీమీటర్లది 1,257. 50 సెంటీమీటర్లది 1,963. అంటే 30కి బదులు 40 తీసుకుంటే కొలతలో మూడో వంతు పెరిగినట్టు కనిపిస్తుంది గానీ చేతికి వచ్చే తిండి 78 శాతం ఎక్కువ. ఉదాహరణకు పోలండ్ డబ్బులో చిన్నది 30 జ్లోటీలు, పెద్దది 42 జ్లోటీలు అనుకోండి. ధర 40 శాతమే పెరిగింది, కాబట్టి ఇద్దరు చెరొక చిన్నది కొనడం కన్నా ఒక పెద్దది పంచుకోవడం లాభం. ఇద్దరి అభిరుచులూ కలవకపోతే ‘పూవ్ నా పూవ్’ అని అడగండి, సగం ఒక రకం, సగం ఇంకో రకం చేసి ఇచ్చే పేట దుకాణాలు చాలానే ఉన్నాయి.

ఏ రోజు, ఏ వేళ? పోలండ్‌లో 2018 మార్చి నుంచి దశలవారీగా అమలైన చట్టం వల్ల, ఏడాదిలో కొన్ని ఆదివారాలు తప్ప సూపర్‌మార్కెట్లు ఆదివారం మూసి ఉంటాయి. రెస్టారెంట్లకు ఆ నిషేధం లేదు. శనివారం సరుకులు తెచ్చుకోవడం మరిచిపోయినవారికి ఆదివారం రాత్రి పిజ్జా దుకాణమే దిక్కు కాబట్టి ఆ రోజు డెలివరీ ఆలస్యమవుతుందని ముందే అనుకోండి.

## నేపుల్స్ పద్ధతి పిజ్జేరియాలు

క్రాకోవ్‌లో పిజ్జా గురించి ఎవరైనా ఉత్సాహంగా మాట్లాడుతున్నారంటే ఈ రకం గురించే మాట్లాడుతూ ఉండవచ్చు. ఈ పద్ధతికి లిఖిత నియమాలు ఉన్నాయి. 1984లో నేపుల్స్‌లో ఏర్పడిన పిజ్జా సంఘం వాటిని రూపొందించింది. 2010లో యూరోపియన్ యూనియన్ ఈ పిజ్జాను సంప్రదాయ ప్రత్యేక వంటకంగా నమోదు చేసింది. 2017లో నేపుల్స్ పిజ్జా చేసేవారి కళను యునెస్కో తన జాబితాలో చేర్చింది. నియమాల సారం ఇది: పిండిలో గోధుమపిండి, నీరు, ఉప్పు, ఈస్ట్ తప్ప మరేమీ కలపకూడదు, గంటల తరబడి పులియనివ్వాలి, చేత్తోనే సాగదీయాలి, కర్రతో ఒత్తకూడదు, వ్యాసం 35 సెంటీమీటర్లకు మించకూడదు, దాదాపు 430 నుంచి 480 డిగ్రీల వేడిలో 60 నుంచి 90 సెకన్లలో కాలాలి.

ఆ చివరి అంకెల్లోనే ఈ పిజ్జా గుణమంతా ఉంది. ఇంట్లోని ఓవెన్ సాధారణంగా 250 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, అక్కడ పిజ్జాకు పది నిమిషాలు పడుతుంది, ఆ లోపు పిండిలోని నీరు ఎండిపోయి కరకరలాడుతుంది. ఒకటిన్నర నిమిషంలో కాలినదానిలో ఆ నీరు పోవడానికి వ్యవధే ఉండదు. అంచు మంట మీద వేసిన పుల్కాలా గాలితో పొంగి, పైన అక్కడక్కడా నల్లటి మచ్చలు పడి, లోపల మెత్తగా ఉంటుంది. మధ్య భాగం టమాటా రసంతో, కరిగిన చీజ్ నీటితో తడిగా ఉండి, ముక్క ఎత్తితే కొన కిందికి వాలుతుంది. ఇటలీ అలవాటు పాటించే చోట ముక్కలు కోయకుండానే తెచ్చి బల్ల మీద పెడతారు, కత్తీ ఫోర్కుతో తినాలి. పళ్లెం వచ్చాక ఫొటోలు తీసుకుంటూ కూర్చోకండి, అయిదు నిమిషాలు ఆగితే మధ్యలో తడి అడుగుకు దిగుతుంది.

ఈ కోవకు చెందిన దుకాణాల కోసం ముందుగా కజిమియెజ్ పేటలో వెతకండి. క్రాకోవ్‌స్కా వీధిలోని నోలియో ఈ పద్ధతికి నగరంలో బాగా పేరున్న చోటు. కొత్త దుకాణం ముందు నిలబడి అది మంచిదో కాదో పోల్చుకోవాలంటే నేను చూసేవి కొన్ని ఉన్నాయి. మెనూ చిన్నదిగా ఉండాలి. నలభై రకాలున్న చోట పిండి మీద శ్రద్ధ పెట్టే తీరిక ఉండదు. పిండిని ఎన్ని గంటలు పులియబెడతారో రాసి ఉంటే మంచి సూచన. మొదటిసారి మర్గెరీటానే తెప్పించుకోండి: టమాటా, చీజ్, తులసి జాతికి చెందిన బేసిల్ ఆకు తప్ప దాచుకోవడానికి ఏమీ లేని రకం కాబట్టి, అది బాగుంటే మిగిలినవీ బాగుంటాయి. అంచును తుంచి చూడండి. లోపల పెద్దా చిన్నా బుడగలు కనిపించాలి. ముద్దగా, తెల్లగా, పచ్చి పిండి వాసనతో ఉంటే పిండి సరిగా పులియలేదు. అడుగున చుక్కలుగా నల్లబడటం సరైనదే, పలకలా మొత్తం మాడి చేదెక్కితే కాదు.

కట్టెల పొయ్యి ఉందా లేదా అన్నది మాత్రం ఈ నగరంలో కొలమానంగా పెట్టుకోవద్దు. శీతాకాలపు పొగమంచుతో, కాలుష్యంతో ఏళ్ల తరబడి బాధపడిన క్రాకోవ్, 2019 సెప్టెంబరు 1 నుంచి నగర పరిధిలోని పొయ్యిలలో, బాయిలర్లలో బొగ్గూ కట్టెలూ కాల్చడాన్ని నిషేధించింది. ఇక్కడ పీల్చే గాలికి అది ఎంతో మేలు చేసిన నిర్ణయమని మనస్ఫూర్తిగా నమ్ముతాను. పిజ్జాకు కావలసింది ఆ వేడి, గ్యాసు పొయ్యిలూ మంచి విద్యుత్ పొయ్యిలూ దాన్ని ఇవ్వగలవు. నేపుల్స్ సంఘమే అలాంటి పొయ్యిలకు ఆమోదం ఇచ్చింది.

ఈ రకంలో ఇబ్బందులూ ఉన్నాయి. ఒక పిజ్జా ఒక మనిషికే, పంచుకోవడానికి వీలుండదు. సగం సగం చేయమంటే చాలాచోట్ల ఒప్పుకోరు. శుక్ర, శని సాయంత్రాల్లో ముందుగా బల్ల చెప్పుకోకపోతే నిలబడవలసి వస్తుంది. పార్సిల్‌కు ఏ మాత్రం తగదని ముందే చెప్పాను. కారం కావాలనుకునే తెలుగువారిని మెనూలోని ‘ఎన్దూయా’ అన్న మాట ఊరిస్తుంది, అది ఎర్రగా, ఘాటుగా ఉండే పదార్థమే, కానీ కలాబ్రియా ప్రాంతపు పంది మాంసపు ముద్ద. ఆ సంగతి తెలుసుకుని తెప్పించుకోండి.

## పేట పిజ్జేరియాలు, అంటే పోలిష్ పిజ్జా

ఇటలీ పద్ధతిని మెచ్చుకునేవారు ఈ రకాన్ని చిన్నచూపు చూస్తారు. అది అన్యాయం. పోలండ్‌లో పిజ్జాకు సొంత చరిత్ర ఉంది. 1970ల మధ్యలో, కమ్యూనిస్టు పాలన కాలంలో, బాల్టిక్ సముద్రానికి దగ్గర్లోని స్వుప్స్క్ పట్టణంలో దేశంలోని మొట్టమొదటి పిజ్జేరియా వెలసిందని చెబుతారు. మొజరెల్లా గానీ మంచి ఇటలీ టమాటాలు గానీ సులువుగా దొరకని ఆ రోజుల్లో, అందుబాటులో ఉన్న గట్టి పసుపు చీజ్, పుట్టగొడుగులు, హామ్‌తో వండుకున్నారు. ఆ రుచే తరాలకు అలవాటై ఇప్పటికీ నిలిచింది: మందపాటి మెత్తని పిండి, తీపి వైపు మొగ్గే టమాటా సాస్, దట్టంగా చీజ్, దాని మీద మూడు నాలుగు రకాల పదార్థాలు, పక్కన చిన్న ప్లాస్టిక్ కప్పులో తెల్లటి వెల్లుల్లి సాస్. ఆ సాస్ పేరు ‘సోస్ చోస్న్‌కోవి’. పెరుగు లేదా మయొనీజ్‌తో కలిపిన వెల్లుల్లి అది. మయొనీజ్‌లో గుడ్డు ఉంటుంది కాబట్టి గుడ్డు తిననివారు అడిగి తీసుకోవాలి.

ఇంటికి తెచ్చుకుని తినడానికి క్రాకోవ్‌లో ఇంతకన్నా మంచి ఎంపిక లేదని నా నమ్మకం. పిండి మందంగా ఉండి, తక్కువ వేడిలో ఎక్కువసేపు కాలుతుంది కాబట్టి పెట్టెలో మెత్తబడినా విరిగిపోదు. మర్నాడు పొద్దున బాణలిలో మూత పెట్టి సన్నని సెగ మీద వేడిచేస్తే అడుగు మళ్లీ కరకరలాడుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే తోలులా సాగుతుంది. 40, 50 సెంటీమీటర్ల పరిమాణాలు ఎక్కువగా దొరికేది ఇక్కడే, సగం సగం చేసిచ్చేదీ వీరే.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన రకం ఒకటి పేట దుకాణాల మెనూలో కనిపిస్తే వదలకండి: ఓస్త్సిపెక్ పిజ్జా. క్రాకోవ్‌కు దక్షిణాన తత్రా కొండల్లో గొర్రెల కాపరులు పొగబెట్టి చేసే చీజ్ అది, 2008 నుంచి యూరోపియన్ యూనియన్‌లో భౌగోళిక రక్షణ పొందింది. ఉప్పగా, పొగ వాసనతో ఉండే ఆ చీజ్‌కు పులుపూ తీపీ కలిసిన జురావినా, అంటే క్రాన్‌బెర్రీ జామ్, తోడైతే మన నాలుకకు వెంటనే నచ్చుతుంది. మామూలుగా దానిమీద బేకన్ వేస్తారు. ‘బెజ్ బోచ్‌కు’ అంటే తీసేస్తారు.

శాకాహారులకు ఈ దుకాణాల్లో ఎంపిక విస్తారమే. మర్గెరీటా, పుట్టగొడుగుల ఫుంగీ, కూరగాయల వెగెటరియానా, నాలుగు చీజ్‌ల రకం దాదాపు ప్రతి చోటా ఉంటాయి. కాప్రిచోజా అన్న పేరు చూసి కూరగాయలదని అనుకోవద్దు, పోలండ్‌లో అందులో హామ్, పుట్టగొడుగులు ఉంటాయి. విఎస్కా అంటే పల్లెటూరి రకం, దానిలో సాసేజీ, ఉల్లి, బేకన్ సాధారణం. సగం శాకాహారం, సగం మాంసాహారం చేయించుకునేవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఒకే పళ్లెం మీద, ఒకే కత్తితో కోస్తారు. ఇంట్లో పట్టింపు ఉన్నవారుంటే రెండు వేర్వేరు పిజ్జాలు చెప్పడమే మర్యాద.

నాణ్యత విషయంలో ఈ రకానికి హామీ తక్కువ. ఒక దుకాణం పిండిని రోజూ కలుపుతుంది, పక్క వీధిది గడ్డకట్టిన ముద్దలు తెచ్చి వాడుతుంది. సాయంత్రం ఆరింటికి వెళ్లి అక్కడ పోలిష్ కుటుంబాలు, పిల్లలు కూర్చుని ఉన్నారా అని చూడటం నాకు తెలిసిన మంచి పరీక్ష. డెలివరీ సంచులు మాత్రమే బారులు తీరి ఉంటే వేరే చోటు చూసుకోండి.

## చెయిన్ దుకాణాలు

ఊచ్ నగరంలో 1996లో మొదలైన దా గ్రాస్సో పోలండ్ సొంత చెయిన్; డొమినోస్, పిజ్జా హట్ మనకు ముందే తెలుసు. వీటి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పాత పట్టణంలో తిన్నదే ఊరి చివరా ఉంటుంది, యాప్ వాడి పోలిష్ రాకుండానే ఆర్డరు ఇవ్వవచ్చు, కూపన్లు వెతుక్కుంటే ధర బాగా తగ్గుతుంది. హైదరాబాద్‌లోని డొమినోస్ రుచి మాత్రం ఆశించకండి; పన్నీరు, తందూరీ రకాలు ఆ మెనూ ప్రత్యేకతలు. ఒకే వంటగదిలో మాంసం కూడా వండుతారని వేరే చెప్పనక్కర్లేదు.

## చౌరస్తా రెస్టారెంట్లు

13వ శతాబ్దంలో వేసిన రినెక్ గ్వువ్నీ యూరప్‌లోని అతిపెద్ద మధ్యయుగపు చౌరస్తాల్లో ఒకటి. అక్కడ గొడుగుల కింద కూర్చుని మారియాత్స్‌కీ చర్చి గోపురం మీద గంట గంటకూ ఊదే బాకా వింటూ తినడం గొప్ప అనుభవమే. ఆ చోటుకు డబ్బు కడుతున్నామని ఒప్పుకుని కూర్చుంటే బాధ ఉండదు. పిజ్జా కోసమే అయితే చౌరస్తా దాటి, ప్లాంతీ తోట అవతలికి పది నిమిషాలు నడవండి. కార్మెలిట్స్‌కా వీధిలోని మమ్మా మియా అలా నడిచి చేరగలిగిన చోట్లలో ఒకటి. అక్కడిది పలుచని ఇటలీ తరహా పిజ్జా, నేపుల్స్ పిజ్జా అంత తడి ఉండదు, పోలిష్ పిజ్జా అంత బరువూ ఉండదు.

## త్వరగా, నిలబడి తినడానికి

తరగతికీ తరగతికీ మధ్య అరగంట ఉన్న విద్యార్థికి, పైన వేసే పదార్థాలను కౌంటరు వెంట నడుస్తూ తానే ఎంచుకుని, కొద్ది నిమిషాల్లో కాల్చి ఇప్పించుకునే దుకాణాలు అనుకూలం. షెఫ్‌స్కా వీధిలోని పిజ్జటోపియా ఈ పద్ధతిదే. శాకాహారికి దీనిలో ఒక పెద్ద సౌలభ్యం ఉంది: ఏది పడుతోందో కళ్లెదుట కనిపిస్తుంది, భాష రాకపోయినా వేలు చూపిస్తే చాలు.

రాత్రి పొద్దుపోయాక పిజ్జాకు ప్రత్యామ్నాయంగా జాపియెకాంకాను తప్పక పరిగణించండి. పొడవాటి బ్రెడ్డును నిలువునా చీల్చి, పుట్టగొడుగులు, చీజ్ పరిచి కాల్చి, పైన కెచప్ పోసి ఇస్తారు. 1970ల నుంచి పోలండ్ వీధుల్లో ఉన్న తిండి. కజిమియెజ్‌లోని ప్లాట్స్ నోవీ మధ్యన ఉన్న గుండ్రని పాత కట్టడం చుట్టూ కిటికీల్లో అమ్ముతారు. మూలరూపంలో మాంసం ఉండదు, ఒకటి ఒక మనిషికి కడుపు నిండుతుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన పిజ్జాల సంగతికి వస్తే, ఆదివారం కూడా చాలావరకు తెరిచి ఉండే జాబ్కా అనే చిన్న సరుకుల దుకాణాల్లో దొరుకుతాయి, అవసరానికి ఆదుకుంటాయి.

## ఒక్కచోట చూస్తే

| రకం | అక్కడే తింటే | ఇంటికి తెస్తే | శాకాహారికి | గుంపుకు |
|---|---|---|---|---|
| నేపుల్స్ పద్ధతి | అన్నింటికన్నా మేలు | తగదు | రకాలు తక్కువ, పదార్థాలు స్పష్టం | తలా ఒకటి, ఖర్చు ఎక్కువ |
| పేట పిజ్జేరియా | బాగుంటుంది | అన్నింటికన్నా మేలు | రకాలు ఎక్కువ, పేర్లు చదువుకోవాలి | 40, 50 సెంటీమీటర్లవి అనుకూలం |
| చెయిన్లు | సాధారణం | పరవాలేదు | యాప్‌లో చూసుకోవచ్చు | కూపన్లతో చౌక |
| చౌరస్తా | చోటు కోసం | అవసరం లేదు | పరవాలేదు | ఖరీదు |
| ఎంచుకుని కాల్పించుకునేవి | త్వరగా అవుతుంది | సాధారణం | కళ్లెదుటే కనిపిస్తుంది | అనుకూలం కాదు |

## ఎవరికి ఏది

ఆగెహా విశ్వవిద్యాలయపు హాస్టళ్లలోనో, క్రోవోద్‌జా పేటలోని అద్దె గదుల్లోనో ఉండే విద్యార్థులు, నెలాఖరు లెక్క చూసుకునేవారు, నలుగురు కలిసి 50 సెంటీమీటర్ల పేట పిజ్జా తెప్పించుకోవడం మేలు. డెలివరీ యాప్‌లో చూపే ధరకూ దుకాణంలో రాసిన ధరకూ తేడా ఉండవచ్చు, పైగా పెట్టెకు వేరే రుసుము కలుపుతారు. నడిచి వెళ్లి తెచ్చుకోగలిగితే రెండూ మిగులుతాయి. పుట్టినరోజు వంటి వేడుకకు పెద్ద గుంపుతో రెస్టారెంటుకే వెళ్లేవారు మెనూ చివరి పుట చదవండి, ఇంతకు మించిన మందికి సేవా రుసుము పది శాతం కలుపుతామని కొన్ని చోట్ల అక్కడ రాసి ఉంటుంది. అది బిల్లులో ఉంటే విడిగా టిప్పు పెట్టనక్కర్లేదు.

ఇద్దరే వెళ్లి ఒక మంచి సాయంత్రం గడపాలనుకుంటే సందేహం లేకుండా కజిమియెజ్‌లోని నేపుల్స్ పద్ధతి దుకాణం. ఒకరు మర్గెరీటా, ఒకరు మరినారా తెప్పించుకుని సగం సగం మార్చుకోండి. డబ్బిచ్చేటప్పుడు ఒక చిన్న మెలకువ: నోటు చేతిలో పెడుతూ ‘జెంకుయె’, అంటే ధన్యవాదాలు, అంటే చిల్లర ఉంచుకోమన్నట్టుగా కొందరు అర్థం చేసుకుంటారు. చిల్లర కావాలనుకుంటే అది తిరిగి వచ్చాకే ఆ మాట అనండి.

కఠినంగా శాకాహారం పాటించేవారికి నా మొదటి ఓటు మరినారాకు, రెండోది కళ్లెదుట పదార్థాలు ఎంచుకునే దుకాణానికి. అక్కడ కూడా కౌంటరు వెనుక చేతి తొడుగులు మార్చమని మర్యాదగా అడగవచ్చు.

ఒక్కరోజు చూడటానికి వచ్చి, వియెలిచ్కా ఉప్పు గనికి వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేవారు చౌరస్తాలో కాఫీ తాగి, భోజనానికి కార్మెలిట్స్‌కా వైపో కజిమియెజ్ వైపో నడవడం మంచిది. వంటగది దుకాణం మూసే వేళకన్నా ముందే ఆగుతుంది కాబట్టి రాత్రి ఆలస్యంగా వెళ్లేవారు తలుపు మీది సమయాన్నే నమ్ముకోకూడదు.

ఊరి నుంచి అమ్మా నాన్నా వచ్చినప్పుడు సంగతి వేరు. తడి పిజ్జా వారికి పచ్చిగా అనిపిస్తుంది, చౌరస్తా ధరలు మనసుకు పట్టవు. ఇంటికి దగ్గర్లోని పేట పిజ్జేరియాకు తీసుకెళ్లి, పలుచని పిండి కావాలని ‘నా చెన్‌కిమ్ చెశ్చే’ అని చెప్పి, కాస్త ఎక్కువగా కాల్చమనండి. ఫుంగీ మీద ఉల్లి, మిరపకాయలు అదనంగా వేయించండి. బల్ల మీద కారపు నూనె లేకపోతే ‘ఒలీవా పికాంత్నా’ అని అడగండి, చాలాచోట్ల చిన్న సీసాలో తెచ్చి పెడతారు, డబ్బు అడగరు. వెల్లుల్లి సాస్‌కు మాత్రం విడిగా ధర ఉంటుంది.